కెర్నెల్‌లో పాతబడ్డ ఫీచర్‌ని తీసేయడం ఎలా: మొదటి గ్రెప్ నుంచి చివరి రివర్ట్ గడువు దాకా

లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) సోర్స్ చదవడం మొదలుపెట్టిన ఇంజనీర్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. “ఈ డ్రైవర్ ఇరవై ఏళ్ళ నాటిది, దీన్ని ఎవరూ వాడుతున్నట్టు లేదు. తీసేస్తూ ప్యాచ్ పంపొచ్చా?”

పంపొచ్చు. పాత కోడ్ తీసేయడం కెర్నెల్‌కి నిజంగా అవసరమైన పని, దాన్ని కొత్తవాళ్ళు కూడా చేయగలరు. కాకపోతే ఫైళ్ళు డిలీట్ చేయడం ఇందులో అన్నిటికన్నా తేలికైన భాగం, అది ఆఖర్న వస్తుంది. అసలు పనంతా అంతకుముందే ఉంది. ఎక్కడో మిగిలిన ఆ ఒకరిద్దరు వాడుకదార్లకి కబురు అందాలి, వాళ్ళు వేరే దానికి మారడానికి టైమ్ దొరకాలి, మన అంచనా తప్పైతే ఒక్క కమిట్‌తో (గిట్‌లో నమోదయ్యే ఒక మార్పుతో) వెనక్కి తెచ్చుకునే వీలుండాలి. ఈ మూడూ కుదిర్చిందే ప్లాన్.

ఉదాహరణలన్నీ లినక్స్ నుంచే తీసుకున్నాను. మీ కంపెనీ సొంతంగా నడుపుకునే కెర్నెల్ ట్రీకి కూడా ఇవే అడుగులు సరిపోతాయి.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- పూర్తి గిట్ చరిత్రతో మెయిన్‌లైన్ ట్రీ, అంటే కెర్నెల్ అధికారిక ప్రధాన సోర్స్. డౌన్‌లోడ్ త్వరగా అవుతుందని చివరి కమిట్ ఒక్కటే తెచ్చుకుంటే ఈ పనికి పనికిరాదు. చరిత్రే ఇక్కడ మీ సాక్ష్యం. మెయిన్‌లైన్ గిట్ చరిత్ర 2005 ఏప్రిల్‌లో 2.6.12-ఆర్‌సీ2 దగ్గర మొదలవుతుందని గుర్తుంచుకోండి.
- లినక్స్-నెక్స్ట్ ట్రీ, అంటే తర్వాతి రిలీజ్‌కి వెళ్ళబోయే మార్పులు ముందే కలిసే చోటు. మీరు తీసేసే దాని మీద ఈలోపు ఇంకెవరో పని చేస్తూ ఉండొచ్చు.
- ఎక్స్86తో పాటు కనీసం ఆర్మ్, పవర్‌పీసీ, ఎం68కె క్రాస్ కంపైలర్లు. తయారుగా ఉన్నవి కెర్నెల్ సైట్‌లోనే దొరుకుతాయి.
- క్యూఎము, అసలు యంత్రం లేకుండా కెర్నెల్‌ని బూట్ చేసి చూసే ఎమ్యులేటర్.
- గిట్ సెండ్-ఈమెయిల్ సరిగ్గా పనిచేసే మెయిల్ ఖాతా.
- ఏడాదికి తగ్గని ఓపిక. కొన్నిటికి ఐదేళ్ళు, పదేళ్ళు కూడా పడుతుంది.

1. తీసేసేది ఏ రకమో తేల్చుకోండి

ఎంత గడువు ఇవ్వాలన్నది దీన్నిబట్టే ఉంటుంది. కాబట్టి దీన్ని దాటేసి ముందుకి వెళ్ళకండి.

కెర్నెల్ లోపలి ఫంక్షన్ అయితే బయటివాళ్ళ అనుమతి అక్కర్లేదు. కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు స్థిరంగా ఉంటాయని ఎవరూ మాట ఇవ్వలేదు. స్ట్రింగ్ కాపీ చేసే ఎస్‌టీఆర్ఎల్‌కాపీ ఫంక్షన్ అలాంటిదే. ట్రీ మొత్తంలో దాన్ని పిలిచే చోట్లన్నీ ఎస్‌టీఆర్ఎస్‌కాపీకి మార్చి, 2024లో వచ్చిన 6.8లో దాన్ని తీసేశారు. ఇలాంటి వాటిలో కష్టం చాకిరీలోనే ఉంది, గడువులో కాదు.

డ్రైవర్ అయితే ఆ హార్డ్‌వేర్ ఇంకా ఎక్కడైనా నడుస్తోందా అన్నది ప్రశ్న. ఫైల్ సిస్టమ్ అయితే జనం డేటా డిస్క్ మీద ఉంది, గడువు ఏళ్ళలో ఉండాలి. ఆర్కిటెక్చర్ అయితే దానితో పాటు కంపైలర్, డిస్ట్రో (డెబియన్ లాంటి లినక్స్ పంపిణీ), సీ లైబ్రరీ అన్నీ కదులుతాయి.

సిస్టమ్ కాల్, ఐఓసీటీఎల్, సిస్‌ఎఫ్‌ఎస్ ఫైల్ లాంటివి ప్రోగ్రామ్‌లు కెర్నెల్‌తో మాట్లాడే దారులు, ఇవి యూజర్‌స్పేస్‌కి, అంటే కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రామ్‌లకి కనిపిస్తాయి. అక్కడ నియమం ఒక్కటే: నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగిపోతే తప్పు కెర్నెల్‌దే. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ళ తరబడి ఈ విషయంలో పట్టు వదల్లేదు. “డాక్యుమెంటేషన్‌లో పాతదని రాశాం కదా” అన్న జవాబు అక్కడ చెల్లదు.

2. అది ఉండటం వల్ల ఎవరికి ఏం నష్టమో రాసిపెట్టుకోండి

“పాతది” అన్నది కారణం కాదు. ఎవరికీ అడ్డం రాని పాత కోడ్ పదేళ్ళు అలాగే ఉన్నా ఫర్వాలేదు. మెయింటెయినర్, అంటే ఆ భాగం బాధ్యత చూసే వ్యక్తి, మీ ప్యాచ్ తీసుకోవాలంటే దాని బరువు ఎవరు మోస్తున్నారో కనిపించాలి.

386 ప్రాసెసర్ మద్దతుని చూడండి. లైనస్ లినక్స్ మొదలుపెట్టింది ఆ చిప్ మీదే. అయినా 2012 డిసెంబర్‌లో దాన్ని తీసేశారు, 2013లో వచ్చిన 3.8 నుంచి అది లేదు. 386లో కంపేర్-ఎక్స్‌చేంజ్ (విలువని పోల్చి ఒకే దెబ్బలో మార్చే) ఆదేశం లేదు. అందువల్ల లాకింగ్ కోడ్‌లో ఏది మార్చినా ఆ ఒక్క చిప్ కోసం విడిగా ఆలోచించాల్సి వచ్చేది. రైజర్‌ఎఫ్‌ఎస్ అనే పాత ఫైల్ సిస్టమ్‌దీ అదే కథ. 2022లో పేజ్ క్యాష్ కోడ్‌ని శుభ్రం చేస్తుండగా ఒక ఫ్లాగ్ కనబడింది. దాన్ని వాడుతున్నది రైజర్‌ఎఫ్‌ఎస్ ఒక్కటే. తీసేద్దామా అన్న చర్చ అక్కడే మొదలైంది.

మీరు కూడా అలాంటివే వెతకండి. ఈ ఫీచర్ కోసమే మిగిలి ఉన్న ఫ్లాగ్, దీని కోసమే బతికున్న ఫంక్షన్, సిజ్‌బాట్ అనే ఆటోమేటిక్ పరీక్ష రోబో పట్టుకున్నా ఎవరూ సరిచేయని బగ్‌లు, దీని వల్ల ఆగిపోయిన ఇంకొకరి ప్యాచ్ సిరీస్. వీటిలో రెండు దొరికినా మీ వాదన నిలబడుతుంది. ఒక్కటీ దొరక్కపోతే అక్కడితో ఆపేసి వేరే పని చూసుకోవడం మంచిది.

3. వాడేవాళ్ళని వెతకండి

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే, ఎక్కువమంది తొందరపడేదీ ఇక్కడే.

మొదట ఆ డైరెక్టరీ మీద గిట్ లాగ్ నడపండి, మెర్జ్‌లు వద్దని చెప్పండి. గత ఐదేళ్ళలో ముప్ఫై కమిట్‌లు కనిపించాయనుకోండి, “అమ్మో, ఇది బాగానే నడుస్తోందే” అని వెనక్కి తగ్గకండి. ఒక్కొక్కటీ తెరిచి చదవండి. పాత డ్రైవర్ లాగ్ దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: లైసెన్స్ గుర్తు ఒక లైన్‌గా మార్చినది, కామెంట్‌లో అక్షర దోషం దిద్దినది, స్విచ్‌లో ఫాల్‌త్రూ గుర్తు పెట్టినది, స్ట్రింగ్ కాపీ ఫంక్షన్ మార్చినది, టైమర్ ఇంటర్‌ఫేస్ మార్చినది. ఇవన్నీ ట్రీ మొత్తం మీద ఒకేసారి జరిగిన మార్పులు. రాసినవాళ్ళ దగ్గర ఆ హార్డ్‌వేర్ లేదు, కంపైల్ అయితే చాలనుకుని పంపారు. ఇలాంటి కమిట్‌లు ఎన్ని ఉన్నా వాడుకకి సాక్ష్యం కావు. పైగా ఎవరికీ అక్కర్లేని కోడ్ మీద ఇంతమంది చాకిరీ చేశారనడానికి అవే రుజువు. రెండో అడుగులోని నష్టాల పట్టికలో వీటిని కూడా చేర్చండి.

నిజమైన వాడుకదారు కమిట్ వేరేలా ఉంటుంది. “నా దగ్గరున్న ఫలానా మోడల్ కార్డ్‌లో, ఫలానా వెర్షన్‌కి మారాక, బూట్‌లో ఇలా ఆగిపోతోంది” అని ఉంటుంది. కింద ఊప్స్ ట్రేస్ (కెర్నెల్‌లో తప్పు జరిగినప్పుడు వచ్చే లాగ్) అతికించి ఉంటుంది. వేరొకరు పరీక్షించినట్టు ట్యాగ్ ఉంటుంది. అలాంటిది చివరిసారి ఏ ఏడాది వచ్చిందో రాసుకోండి. మీ ప్రతిపాదనలో అందరూ ముందు చూసేది ఆ ఏడాదినే.

ఇంకా గట్టి సాక్ష్యం ఒకటుంది: అది ఎప్పుడో విరిగిపోయి, ఎవరూ ఫిర్యాదు చేయకపోవడం. హార్డ్‌వేర్‌ని గుర్తించే ప్రోబ్ ఫంక్షన్‌లోనే నల్ పాయింటర్ తప్పు వచ్చేలా ఏదో పాత కమిట్ చేసి ఉంటుంది, అయిదారేళ్ళుగా ఎవరూ అడిగి ఉండరు. ఓపిగ్గా కోడ్ చదివితే ఇది బయటపడుతుంది. దొరికితే మీ పని సగం అయిపోయినట్టే.

ఆ తర్వాత ట్రీ బయట వెతకండి.

- డిస్ట్రోల కాన్ఫిగ్‌లు, అంటే కెర్నెల్ కట్టేటప్పుడు ఎంచుకున్న ఆప్షన్ల జాబితాలు. డెబియన్, ఫెడోరా, సూసే, ఆల్పైన్ కెర్నెల్ ప్యాకేజీల్లో ఆ ఆప్షన్ ఆన్ చేసి ఉందా? ఎవరూ ఆన్ చేయకపోతే మంచి సూచనే. ఆన్ చేసి ఉన్నంత మాత్రాన వాడుతున్నారని కాదు, కుదిరినవన్నీ మాడ్యూల్స్‌గా కట్టడం డిస్ట్రోలకి అలవాటు.
- చిన్న పరికరాల కోసం లినక్స్ కట్టే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, బిల్డ్‌రూట్, యోక్టో. రౌటర్లు, ఫ్యాక్టరీ కంట్రోలర్లు, పెట్రోల్ బంకు యంత్రాల్లాంటివి ఇక్కడ కనబడతాయి. డెస్క్‌టాప్ డిస్ట్రోలు మాత్రమే చూసేవాళ్ళు వీటిని మర్చిపోతారు.
- డెబియన్ సోర్స్ కోడ్ శోధన. ఐఓసీటీఎల్ పేరు, హెడర్ ఫైల్ పేరు, ప్రాక్ లేదా సిస్‌ఎఫ్‌ఎస్ దారి విడివిడిగా వెతకండి.
- సంబంధిత యూజర్‌స్పేస్ పరికరాలు. ఫైల్ సిస్టమ్ అయితే దాని ఎంకేఎఫ్‌ఎస్ (ఫార్మాట్ చేసేది), ఎఫ్‌ఎస్‌సీకే (తప్పులు సరిచూసేది) ప్యాకేజీకి చివరి రిలీజ్ ఎప్పుడు? డెబియన్ పాప్‌కాన్‌లో (ప్యాకేజీల వాడుక గణాంకాల్లో) అంకె పెరుగుతోందా, తగ్గుతోందా?
- కెర్నెల్ మెయిల్ ఆర్కైవ్‌లో ఆ ఫీచర్ పేరు. ఇంతకుముందు ఎవరైనా తీసేయబోయి ఆగిపోయారేమో చూడండి. ఆగిపోయి ఉంటే ఎందుకు ఆగారో మీ మొదటి మెయిల్‌లోనే చెప్పండి.

హెచ్చరిక: ఎల్‌టీఎస్ కెర్నెల్ (ఏళ్ళ తరబడి ప్యాచ్‌లు అందే రిలీజ్) మీద పదేళ్ళుగా నడుస్తున్న యంత్రాల యజమానులు ఈ వెతుకులాటలో ఎక్కడా తగలరు. మీరు తీసేసిన ఏడాదికో రెండేళ్ళకో అప్‌గ్రేడ్ చేసినప్పుడే వాళ్ళకి తెలుస్తుంది. అయిదో అడుగులో హెచ్చరికలు, ఆరో అడుగులో తేదీ వాళ్ళ కోసమే.

4. మారే దారి చూపించండి

“దీనికి బదులు ఏది?” అన్న ప్రశ్నకి ఒక్క వాక్యంలో జవాబు ఉండాలి. రా డివైస్ డ్రైవర్ 5.14లో పోయినప్పుడు జవాబు ఓ-డైరెక్ట్ ఫ్లాగ్. అదే 5.14లో పాత ఐడీఈ డ్రైవర్లు పోయినప్పుడు జవాబు లిబ్‌ఏటీఏ. సిస్‌సీటీఎల్ సిస్టమ్ కాల్‌కి బదులు ప్రాక్-సిస్ ఫైళ్ళు. తక్కువ మెమరీ పరికరాల్లో వాడే స్లాబ్-ఓ అలొకేటర్‌ని (కెర్నెల్ లోపల మెమరీ పంచే కోడ్‌ని) 2023లో 6.4 నుంచి తీసేశారు. దానికి ముందే ఆ పరికరాల కోసం ఇంకో అలొకేటర్ అయిన స్లబ్‌లో టైనీ అనే ఆప్షన్ తయారు చేశారు. ముందు ప్రత్యామ్నాయం వచ్చింది, తర్వాతే తొలగింపు. వరుస ఎప్పుడూ ఇలాగే ఉండాలి.

ఫైల్ సిస్టమ్‌కి ఈ జవాబు ఇంకా వివరంగా కావాలి. రైజర్‌ఎఫ్‌ఎస్ నుంచి మారాలంటే డేటా వేరే డిస్క్‌కి కాపీ చేసి, ఈ డిస్క్‌ని ఎక్స్‌టీ4గానో ఎక్స్‌ఎఫ్‌ఎస్‌గానో ఫార్మాట్ చేసి, తిరిగి కాపీ చేయాలి. బీటీఆర్ఎఫ్‌ఎస్‌కి వెళ్ళేవాళ్ళయితే బీటీఆర్ఎఫ్‌ఎస్-కన్వర్ట్ పరికరం రైజర్‌ఎఫ్‌ఎస్‌ని నేరుగా మార్చగలదు. బ్యాకప్ మాత్రం తప్పదు. ఇలాంటి సంగతులు డాక్యుమెంటేషన్‌లో పెట్టండి.

హార్డ్‌వేర్‌కి బదులేమీ లేకపోతే ఆ మాటే సూటిగా రాయండి: “ఈ కార్డ్ ఉన్నవాళ్ళు ఫలానా ఎల్‌టీఎస్‌లో ఉండిపోవాలి.”

5. హెచ్చరికలు పెట్టండి, అవి కంటపడే చోట

ఒకప్పుడు కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో తీసేయబోయే ఫీచర్ల జాబితా ఒక్క ఫైల్‌లో ఉండేది. 2012లో ఆ ఫైల్‌నే తీసేశారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం. వాడుకదారు ఎన్నడూ తెరవని ఫైల్‌లో తేదీ రాస్తే అది నోటీస్ ఇచ్చినట్టు కాదు. అతను నిజంగా చూసే చోట్లు మూడే: బూట్ లేదా మౌంట్ అయినప్పుడు వచ్చే లాగ్, కెర్నెల్ కట్టేటప్పుడు అడిగే కాన్ఫిగ్ ప్రశ్న, డిస్ట్రో రిలీజ్ నోట్స్.

లాగ్‌లో వచ్చే లైన్‌ని పీఆర్-వార్న్-వన్స్‌తో ఒక్కసారి మాత్రమే వచ్చేలా రాయండి. అందులో నాలుగు సంగతులు ఉండాలి: ఏది పోతోంది, ఎప్పుడు పోతోంది, బదులు ఏమిటి, అభ్యంతరం ఉంటే ఎవరికి రాయాలి. నాలుగోది చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే ఆ లైన్ బెదిరింపుగా మిగులుతుంది తప్ప మీకు సమాచారం తెచ్చిపెట్టదు.

దీనికి వార్న్-ఆన్ వాడకండి. వార్నింగ్ వస్తే పానిక్ అయ్యేలా అమర్చిన సర్వర్లు చాలా ఉన్నాయి. ఆ యంత్రాలు మీ నోటీస్ చదవకముందే పడిపోతాయి. ఫంక్షన్‌కి కంపైలర్ డిప్రికేటెడ్ గుర్తు తగిలించడం కూడా కెర్నెల్‌లో మానేశారు. బిల్డ్ నిండా వార్నింగులు వచ్చేవి, వాటిని ఎవరూ సరిచేసేవారు కాదు.

కాన్ఫిగ్‌లో ఒక మంచి పద్ధతి ఉంది, స్లాబ్ అలొకేటర్ విషయంలో వాడారు. 2023లో 6.5 వచ్చినప్పుడు ఆప్షన్ వివరణలో “పాతబడింది” అని రాసి ఊరుకోలేదు, ఆప్షన్ పేరే మార్చి చివర డిప్రికేటెడ్ అని చేర్చారు. పాత కాన్ఫిగ్ ఫైల్‌తో ఓల్డ్‌కాన్ఫిగ్ (కొత్తగా చేరిన ఆప్షన్ల గురించి మాత్రమే అడిగే ఆదేశం) నడిపేవాళ్ళకి కొత్త పేరు కనబడగానే అది ఆగి ప్రశ్న అడుగుతుంది, కబురు అందుతుంది. తర్వాత 2024లో 6.8లో స్లాబ్‌ని పూర్తిగా తీసేశారు. మీరు కూడా ఇలాగే చేయండి. వివరణ మాత్రమే మారిస్తే ఓల్డ్‌కాన్ఫిగ్ ఏమీ అడగదు, ఎవరికీ తెలియదు.

వీటితో పాటు మెయింటెయినర్స్ ఫైల్‌లో స్థితిని ఆర్ఫన్ (అనాథ) లేదా అబ్సలీట్ (పాతబడింది) అని మార్చండి. సిస్‌ఎఫ్‌ఎస్ ఫైల్ అయితే డాక్యుమెంటేషన్‌లోని ఏబీఐ విభాగంలో దాని వివరణని అబ్సలీట్ డైరెక్టరీకి జరపండి. డ్రైవర్ అయితే ముందు స్టేజింగ్ డైరెక్టరీకి (ప్రధాన భాగం స్థాయికి తూగని డ్రైవర్లు ఉండే చోటికి) పంపి, కొన్ని రిలీజ్‌లు చూసి, అక్కడి నుంచి తీసేయడం ఇంకో దారి. వైమాక్స్ వైర్‌లెస్ కోడ్ అలాగే బయటికి వెళ్ళింది.

6. తేదీ పెట్టండి, ఎల్‌టీఎస్‌ని చూసుకుని

“త్వరలో తీసేస్తాం” అని రాయకండి. ఏడాది రాయండి, కుదిరితే నెల కూడా రాయండి.

సాధారణంగా ఏడాది చివర్లో వచ్చే రిలీజ్ ఎల్‌టీఎస్ అవుతుంది. మీ తొలగింపు దాని వెంటనే వచ్చే రిలీజ్‌లో పడేలా చూసుకోండి. అప్పుడు చివరి వాడుకదారుకి, హెచ్చరికలు కూడా ఉన్న ఎల్‌టీఎస్ చేతిలో ఉంటుంది, కనీసం రెండేళ్ళు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. రైజర్‌ఎఫ్‌ఎస్ 6.12 ఎల్‌టీఎస్‌లో ఉంది, 6.13లో లేదు. ఇటానియం ప్రాసెసర్ మద్దతు 6.6 ఎల్‌టీఎస్‌లో ఉంది, 6.7లో లేదు. మీ ప్యాచ్ ఎల్‌టీఎస్ కాబోయే రిలీజ్‌లోకే వెళ్ళేలా ఉంటే ఒక్క రిలీజ్ ఆగండి. తొమ్మిది పది వారాల ఆలస్యంతో వాళ్ళకి అదనంగా కనీసం ఏడాది దొరుకుతుంది.

ఎంత గడువన్నదానికి జరిగినవే చూడండి. రైజర్‌ఎఫ్‌ఎస్‌కి 2022లో హెచ్చరిక మొదలైంది, 2025 అని తేదీ చెప్పారు, 2025 జనవరిలో వచ్చిన 6.13తో అది పోయింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ పాత వీ4 ఫార్మాట్‌కి ఇచ్చిన గడువు ఇంకా పెద్దది. 2020లో 5.10తో హెచ్చరిక మొదలైంది, డిఫాల్ట్‌గా ఆఫ్ కావడానికి 2025 సెప్టెంబర్, పూర్తిగా తీసేయడానికి 2030 సెప్టెంబర్ అని డాక్యుమెంటేషన్‌లోనే రాసిపెట్టారు. మధ్యలో డిఫాల్ట్‌ని ఆఫ్ చేసే మెట్టు చాలా విలువైనది. ఇంకా వాడుతున్నవాళ్ళు ఆ రోజు బయటికి వస్తారు, కాన్ఫిగ్‌లో మళ్ళీ ఆన్ చేసుకుంటే వాళ్ళ పని జరిగిపోతుంది. డెక్‌నెట్ అనే పాత నెట్‌వర్క్ ప్రోటోకాల్‌ది ఇంకో కొస. 2010 నుంచి మెయింటెయినర్ లేకుండా ఉండి, పన్నెండేళ్ళ తర్వాత 6.1లో పోయింది. అంతకాలం అనాథగా ఉన్నదానికి మళ్ళీ మూడేళ్ళ గడువు అక్కర్లేదు.

7. ప్యాచ్‌లు విడగొట్టండి

వరుస ఇది. ముందు, ఈ ఫీచర్ మీద ఆధారపడ్డవాటిని విడదీసే ప్యాచ్‌లు. తర్వాత ఫీచర్‌ని తీసేసే ఒకే ఒక్క ప్యాచ్. ఆ పైన, ఇక అక్కర్లేని ఫ్లాగ్‌లు, ఫంక్షన్లు తీసేసే శుభ్రత ప్యాచ్‌లు. వీలైతే ఈ చివరివి తర్వాతి రిలీజ్‌కి ఆపండి.

ఎందుకంటే రిలీజ్ అయిన నెలకి “అయ్యా, మా ఆస్పత్రిలో యంత్రం దీని మీదే నడుస్తోంది” అని ఒకరు రాయొచ్చు. అప్పుడు ఆ తొలగింపు ప్యాచ్ ఒక్కదాన్ని రివర్ట్ చేస్తే (వెనక్కి తిప్పితే) పని అయిపోవాలి. తొలగింపు, శుభ్రత, ఇండెంటేషన్ సర్దుబాటు అన్నీ ఒకే కమిట్‌లో కలిపేస్తే రివర్ట్ చేయడం నరకం. వెనక్కి రావడం నిజంగా జరుగుతుంది. హెచ్8300 ఆర్కిటెక్చర్‌ని ఒకసారి తీసేశారు. 2015లో 4.2లో మళ్ళీ తెచ్చారు. 2022లో 5.19లో రెండోసారి తీసేశారు.

పెద్ద తొలగింపులని మెయిల్ చేసేటప్పుడు గిట్ ఫార్మాట్-ప్యాచ్‌కి ‘ఇర్రివర్సిబుల్-డిలీట్’ ఆప్షన్ ఇవ్వండి. తీసేసిన ఫైళ్ళ లోపలి పాఠం మెయిల్‌లోకి రాదు, ఫైల్ పేర్లు మాత్రమే వస్తాయి. లేకపోతే ముప్ఫై వేల లైన్ల మెయిల్‌ని సర్వరే తిప్పికొడుతుంది. అలా పంపిన ప్యాచ్ నేరుగా అప్లై కాదు కాబట్టి, గిట్ బ్రాంచ్ ఎక్కడుందో కవర్ లెటర్‌లో ఇవ్వండి.

కమిట్ సందేశంలో రెండో అడుగులోని నష్టం, మూడో అడుగులోని సాక్ష్యం, నాలుగో అడుగులోని దారి మూడూ ఉండాలి. ఐదేళ్ళ తర్వాత ఎవరైనా వెతికితే దొరికేది ఆ సందేశమే. ఏళ్ళ తరబడి దాన్ని చూసుకున్న మెయింటెయినర్ పేరు క్రెడిట్స్ ఫైల్‌లో లేకపోతే చేర్చండి. వాళ్ళ కష్టాన్ని కించపరిచే మాట ఒక్కటీ రాయకండి. “చెత్త తీసేస్తున్నా” అని శీర్షిక పెట్టేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, ఆ కోడ్ ఒకప్పుడు ఎవరి యంత్రాన్నో నడిపింది.

8. మిగిలిపోయిన వేళ్ళు పీకండి

డైరెక్టరీ పోయింది, కెర్నెల్ కంపైల్ అయింది, పని అయిపోయిందనుకోవడం చాలా సాధారణంగా జరిగే పొరపాటు. కె-కాన్ఫిగ్ (కెర్నెల్ ఆప్షన్లని నడిపే వ్యవస్థ) ఎలా పనిచేస్తుందో తెలిస్తే అది ఎందుకు ప్రమాదమో అర్థమవుతుంది. మీరు తీసేసిన ఆప్షన్ పేరు ఎక్కడో ‘డిపెండ్స్ ఆన్’ లైన్‌లో మిగిలి ఉందనుకోండి. కె-కాన్ఫిగ్ ఎర్రర్ ఇవ్వదు. లేని ఆప్షన్‌ని ‘నో’గా లెక్కిస్తుంది, అంతే. దాని మీద ఆధారపడ్డ ఇంకో డ్రైవర్ ఇక ఎప్పటికీ ఆన్ కాదు. బిల్డ్ పచ్చగా ఉంటుంది, ఒక వార్నింగ్ కూడా రాదు, ఎవరి కార్డో పనిచేయడం మానేస్తుంది. ‘సెలెక్ట్’ లైన్‌లో మిగిలినా, ఇఫ్‌డెఫ్‌లో మిగిలినా ఇంతే, నిశ్శబ్దంగా పోతుంది.

కాబట్టి ఈ తనిఖీలన్నీ చేయండి:

- ఆప్షన్ పేరుని ముందు ‘కాన్ఫిగ్_’ చేర్చి ఒకసారి, అది లేకుండా ఒకసారి ట్రీ మొత్తం గిట్ గ్రెప్ చేయండి. కె-కాన్ఫిగ్ ఫైళ్ళలో ఆ చేర్పు ఉండదు. సీ ఫైళ్ళలో, మేక్‌ఫైళ్ళలో ఉంటుంది. ఒక్కటే వెతికితే సగం దాక్కుంటాయి.
- స్క్రిప్ట్స్ డైరెక్టరీలో చెక్-కె-కాన్ఫిగ్-సింబల్స్ అనే పైథాన్ స్క్రిప్ట్ ఉంది. మీ కమిట్‌కి ముందు, తర్వాత నడిపి తేడా చూడండి. కొత్తగా దిక్కులేకుండా పోయిన పేర్లని అదే చెబుతుంది.
- ప్రతి ఆర్కిటెక్చర్ కింద ఉన్న డెఫ్‌కాన్ఫిగ్ ఫైళ్ళు, డాక్యుమెంటేషన్ సూచిక, కెర్నెల్ కమాండ్ లైన్ పరామితుల జాబితా, సెల్ఫ్‌టెస్ట్‌లు, టూల్స్ డైరెక్టరీ.
- మెయింటెయినర్స్ ఫైల్. గెట్-మెయింటెయినర్ స్క్రిప్ట్‌కి సెల్ఫ్-టెస్ట్ ఆప్షన్ ఇస్తే లేని దారులని పట్టిస్తుంది.
- ఆల్‌మాడ్‌కాన్ఫిగ్ (వీలైనవన్నీ మాడ్యూల్స్‌గా), ఆల్‌నోకాన్ఫిగ్ (వీలైనవన్నీ ఆఫ్), కొన్ని ర్యాండ్‌కాన్ఫిగ్ (ఇష్టం వచ్చినట్టు కలిపిన) బిల్డ్‌లు, ఎక్స్86 కాని రెండు ఆర్కిటెక్చర్ల మీదైనా.
- సిరీస్‌లో ప్రతి ప్యాచ్ దగ్గరా ఆగి బిల్డ్ చేయండి. మధ్యలో ఒకటి కట్టకపోతే రేపు బైసెక్ట్ చేసేవాళ్ళు, అంటే తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో వెతికేవాళ్ళు, ఇబ్బంది పడతారు.

యూజర్‌స్పేస్‌కి ఇచ్చే హెడర్ ఫైళ్ళకి ప్రత్యేక జాగ్రత్త కావాలి. 2021లో సైక్లేడీస్ అనే పాత సీరియల్ కార్డ్ డ్రైవర్‌ని తీసేస్తూ దాని హెడర్‌ని కూడా తీసేశారు. ఆ కార్డ్ ఎవరి దగ్గరా ఉన్నట్టు లేదు. కానీ జీసీసీ కంపైలర్‌తో వచ్చే లిబ్‌శానిటైజర్ అప్పట్లో ఆ హెడర్‌ని ఇన్‌క్లూడ్ చేసుకునేది. కొత్త కెర్నెల్ హెడర్లతో జీసీసీ 9 కట్టబోతే కంపైల్ ఆగిపోయింది. చివరికి హెడర్‌లో కొంత భాగాన్ని వెనక్కి తేవాల్సి వచ్చింది. డ్రైవర్‌ని వాడేవాళ్ళు, దాని హెడర్‌ని వాడేవాళ్ళు వేర్వేరు. అనుమానం ఉంటే ఈ రిలీజ్‌లో డ్రైవర్ మాత్రమే తీసేసి హెడర్ ఉంచండి.

నంబర్లని మళ్ళీ వాడకండి. ఎక్స్86-64లో సిస్‌సీటీఎల్ సిస్టమ్ కాల్ నంబర్ 156. 2020 జనవరిలో వచ్చిన 5.5లో ఆ కాల్ పోయినా, ఆ నంబర్‌ని ఇంకో కాల్‌కి ఇవ్వలేదు. ఇప్పుడు పిలిస్తే ‘ఈ కాల్ లేదు’ అన్న ఎర్రర్, అంటే ఈ-నోసిస్ వస్తుంది. పాత ప్రోగ్రామ్‌కి తెలియకుండా వేరే పని జరిగిపోవడం కన్నా అదే నయం. క్యూఎములో మీ కెర్నెల్ బూట్ చేసి, పాత ప్రోగ్రామ్ నడిపి, సరిగ్గా ఆ ఎర్రరే వస్తోందో లేదో చూడండి.

9. పంపాక

మెర్జ్ విండోకి (కొత్త మార్పులు మెయిన్‌లైన్‌లోకి తీసుకునే రోజులకి) కనీసం నాలుగు వారాల ముందే లినక్స్-నెక్స్ట్‌లోకి చేరేలా చూసుకోండి. ఆటోమేటిక్ బిల్డ్ రోబోలు మీరు ఊహించని కాన్ఫిగ్‌లతో కట్టి తప్పులు పంపుతాయి, ఆ మెయిళ్ళకి అదే రోజు జవాబివ్వండి.

“నేను వాడుతున్నాను” అని ఎవరైనా రాస్తే వాదనకి దిగకండి. మూడు ప్రశ్నలు అడగండి: ఏ కెర్నెల్ వెర్షన్ మీద ఉన్నారు, కొత్త కెర్నెల్‌కి మారే ఉద్దేశం ఉందా, ప్యాచ్‌లు పరీక్షించి చెప్పగలరా? ఎల్‌టీఎస్‌లోనే ఉంటామంటే మీ తేదీ వాళ్ళకి సరిపోతుంది. మారతాం, టైమ్ కావాలంటే ఇవ్వండి. రైజర్‌ఎఫ్‌ఎస్ చర్చలోనూ వాడుకదారు ముందుకొచ్చి టైమ్ అడిగారు, అంత దూరపు తేదీ అందుకే వచ్చింది. పరీక్షిస్తామని ముందుకొస్తే మీకు కొత్త మెయింటెయినర్ దొరికినట్టే, తొలగింపు ఆపేయండి.

కంపెనీ కెర్నెల్ చూసుకునేవాళ్ళకి

మీరు అవతలి పక్షం. మెయిన్‌లైన్‌లో ఏది పోతోందో అప్‌గ్రేడ్ రోజున కాకుండా ముందే తెలుసుకోవాలి. ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ (ఏమీ అడగకుండా కొత్త ఆప్షన్లకి డిఫాల్ట్ పెట్టే ఆదేశం) నడిపితే పోయిన ఆప్షన్లు చెప్పకుండా మాయమవుతాయి. అందుకని పాత కాన్ఫిగ్‌ని పక్కన దాచి, కొత్త కెర్నెల్‌లో కాన్ఫిగ్ తయారయ్యాక రెండింటినీ స్క్రిప్ట్స్ డైరెక్టరీలోని డిఫ్‌కాన్ఫిగ్‌తో పోల్చండి. మైనస్ గుర్తుతో వచ్చిన ప్రతి లైన్‌కీ జవాబు రాసుకోండి: పేరు మారిందా, వేరే దానిలో కలిసిపోయిందా, నిజంగా పోయిందా? ప్రతి కొత్త ఎల్‌టీఎస్ రాగానే, మీకు అప్‌గ్రేడ్ ప్లాన్ లేకపోయినా, ఒక టెస్ట్ యంత్రం మీద ఇది చేసి, బూట్ లాగ్‌లో డిప్రికేటెడ్, అబ్సలీట్ అన్న మాటలు వెతకండి. మీకు కావలసింది తీసేసే జాబితాలో కనబడితే ఆ హెచ్చరికలో ఉన్న చిరునామాకి ఆ వారమే రాయండి, ఏ హార్డ్‌వేర్, ఎన్ని యంత్రాలు, ఎప్పటిదాకా అన్న మూడు వివరాలతో.